రోకలి పట్టున కట్టిన చెయ్యి

నా కుడిచేతి బొటనవేలు చూపుడువేలి కొసను ఇప్పటికీ తాకదు. వడ్లగింజంత ఎడం మిగిలిపోతుంది. నేను కలం పట్టుకుంటే చూసినవాళ్ళు "అదేమిటండీ, అట్లకాడ పట్టినట్టు పట్టారు?" అంటారు. కొత్తలో నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు మండదని రాస్తే అబద్ధం. మండుతుంది గాని బయటికి రానివ్వను. ఆ ఎడం ఎలా వచ్చిందో, దాని మూలంగా నన్ను పెంచిన మనిషితో నేను ఆరేళ్ళపాటు ఎంత మొండిగా ఉన్నానో చెప్పుకుందామనే ఇది మొదలుపెట్టాను.

మాది కోవిల్‌పట్టికి తూర్పున ఒక నల్లరేగడి పల్లె. వాన పడితే పిక్కల దాకా దిగబడే నేల, ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలు. పత్తి, సజ్జ, జొన్న, మిరప, కొత్తిమీర, ఇవే మా పంటలు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా తెలుగు వింటే ఆంధ్రావాళ్ళు పక్కకు తిరిగి నవ్వుకుంటారు. నవ్వుకోనీ, మా మాట మాకు ఇంపు. మా ఇళ్ళల్లో తెలుగు మాట్లాడేవాళ్ళే తప్ప చదివేవాళ్ళు లేరు. మా నాయనకు మాత్రం వాళ్ళ తాత ఇసుకలో దిద్దించిన అక్షరాలు వచ్చు. అవి ఆయన నాకు దిద్దించాడు. ఆ అక్షరాలే నా బతుకుతెరువు అవుతాయని అప్పుడు ఇద్దరికీ తెలియదు.

నేను ఏడాది పిల్లగా ఉన్నప్పుడే అమ్మ పోయింది. నన్ను పెంచింది అవ్వ, మా నాయన తల్లి. పదమూడో ఏట పెళ్ళి చేశారు. కాపురానికి వెళ్ళకముందే ఆ అబ్బాయి జ్వరంతో పోయాడు. అతని మొహం నాకు సరిగ్గా గుర్తులేదు, ఇది చెప్పుకోవడానికి నాకు సిగ్గూ లేదు. ఊళ్ళో ఆడవాళ్ళంతా నా చుట్టూ చేరి ఏడుస్తుంటే, ఎందుకో తెలియకుండానే నేనూ వాళ్ళతోపాటు ఏడ్చాను. ఆ ఏడుపులు అయ్యాక నాయన ఎవరినీ అడగకుండా నన్ను విరుదునగర్‌లో మా మేనత్త ఇంట్లో దింపి బళ్ళో వేశాడు. ఎనిమిదో తరగతి అయింది, టీచర్ ట్రైనింగ్ అయింది. నాకు పద్దెనిమిదేళ్ళు వచ్చేసరికి అక్కడి ఒక ఆడపిల్లల బళ్ళో చిన్నపిల్లలకు తెలుగు అక్షరాలు చెప్పే మనిషి కావాలన్నారు. వేసవి సెలవులయ్యాక, జూన్‌లో బడి తెరిచే రోజు వచ్చి బోర్డు మీద రాసి చూపించమనీ, పాఠం చెప్పమనీ ఆ బడి పెద్ద టీచరమ్మ కబురు చేసింది. ఆ పని దొరికితే నేను నా కాళ్ళ మీద నిలబడతాను. దొరక్కపోతే మా ఇంటి రోలు దగ్గర నిలబడతాను. అంతకు మించి ఇంకో దారి నాకు లేదు.

రోలు అన్నాను కదా, అవ్వ సంగతి చెప్పాలి. తాత పోయేనాటికి ఆమెకు ఇరవై నిండలేదట. చంకలో మా నాయన. పొలం దాయాదుల పాలు కాకుండా ఉండాలంటే ఇల్లు నడవాలి, ఇల్లు నడవాలంటే గింజ దంచాలి. సొంత ఇంటికి దంచింది, నాలుగిళ్ళకు దంచింది. ఊళ్ళో కోడి కూయకముందు అవ్వ రోకలి చప్పుడు వినబడేదని పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. నాకు బుద్ధి తెలిసేసరికి మా ఇంట్లో పనివాళ్ళు ఉన్నారు. అయినా సజ్జలు మాత్రం అవ్వే దంచేది. వేరేవాళ్ళు దంచితే పొట్టు సరిగ్గా పోదని వంక పెట్టేది. ఆమె అరచేతులు చెప్పు అడుగుల్లా ఉండేవి. చిన్నప్పుడు నా వీపు గోకమని అడిగేదాన్ని, గోళ్ళు అక్కరలేకుండా అరచేత్తోనే ఆ పని అయిపోయేది.

నేను టీచరు పనికి పోతానంటే అవ్వ వద్దనలేదు. "నీవు పోతే ఈ ఇంట్లో ఎవరే ఉండేది?" అని మాత్రం రెండుసార్లు అంది. ఆ మాట నేను మనసులో పెట్టుకున్నాను. మంచికి కాదు.

ఏప్రిల్‌లో పత్తి తీతలు ముగింపుకు వచ్చాయి. నాయన నాలుగు బళ్ళతో సాత్తూరు మీదుగా విరుదునగర్ పత్తి మిల్లుకు వెళ్ళాడు. మిగిలిన పత్తితో ఇంకో బండి వాకిట్లో ఉంది. బరువంతా ముందు వైపుకు ఎక్కించారు. ఎద్దుల్ని విప్పేటప్పుడు కాడి కింద ఆనుకర్ర నిలబెట్టాలి. మా జీతగాడు నింపాదిగా ఆ కర్ర కోసం వెతుకుతున్నాడు. నాకు నింపాది అంటే పడదు. "అంతసేపు ఏం వెతుకుతావు?" అని తిట్టుకుంటూ నేనే వెళ్ళి కాడి పట్టుకున్నాను. అప్పటికే ఒక ఎద్దు పక్కకు జరిగింది. కాడి దబ్బున కిందికి వచ్చి, నా కుడిచేతిని గడప ముందు రాతి మీద నలిపేసింది. చప్పుడు నాకు వినబడింది. నొప్పి ఆ తర్వాత వచ్చింది.

అవ్వ పరుగెత్తుకుంటూ వచ్చింది. ఏడవలేదు, తిట్టలేదు. చిన్న చేట తెచ్చి, అందులో పాతగుడ్డ మెత్తగా పరిచి, నా చేతిని పడుకోబెట్టి, తన చీర చెంగు చించి చేటతో సహా కట్టేసింది. "కట్టు తాత దెగ్గిరికి పోదాం, బండి కట్టరా" అంది. ఆస్పత్రి మాట ఎవరూ ఎత్తలేదు. ఆస్పత్రికి పోతే చెయ్యి కోసేస్తారని మా వైపు అందరికీ గట్టి నమ్మకం. అలా కోయించుకున్న మనిషిని చూసినవాళ్ళు ఎవరూ లేరు. అయినా నమ్మకం నమ్మకమే.

కట్టు తాత ఒట్టపిడారం దగ్గరి పల్లెలో ఉండేవాడు. ఆయనకు ఒక పేరు ఉండే ఉంటుంది, ఆ పేరుతో పిలిచినవాళ్ళను నేను ఎరగను. వయసులో ఉండగా కర్రసాము నేర్పేవాడట. ఎముకలు విరిచే విద్య ముందు నేర్చుకుని, అతికే విద్య తర్వాత నేర్చుకున్నానని ఆయనే నవ్వుతూ చెప్పేవాడు. తాటాకు పందిరి, కింద నాలుగు నులకమంచాలు. కాలికి కట్టుతో ఒకడు, భుజానికి కట్టుతో ఇంకొకడు, ఎవరి మూలుగు వాళ్ళది. పందిరి దూలానికి పొడుగునా రకరకాల చెక్క ముక్కలు గుచ్చి ఉన్నాయి. నాగలి మేడి ముక్క, కొడవలి పిడి, గొడ్డలి కామ, మంగలికత్తి పిడి, నేతవాళ్ళ కండె, ఇంకా నేను గుర్తుపట్టలేనివి ఎన్నో.

వాటి సంగతి తర్వాత తెలిసింది. చెయ్యి విరిగి వచ్చినవాళ్ళకు ఆయన చేతిని ఊరికే కట్టేవాడు కాదు. ఆ చేతికి ఏ పని అలవాటో అడిగి, ఆ పనిముట్టు పిడిని అరచేతిలో పెట్టి, వేళ్ళను దాని చుట్టూ మడిచి, అప్పుడు చుట్టూ వెదురు బద్దలు వేసేవాడు. నలభై రోజులు కదలకుండా ఉన్న చెయ్యి ఎలాగూ బిగుసుకుపోతుంది. అది మళ్ళీ మెత్తబడుతుందో లేదో దేవుడికి ఎరుక. బిగుసుకునేదేదో కూడు పెట్టే పట్టులోనే బిగుసుకోనీ అని ఆయన లెక్క. దున్నేవాడి చెయ్యి మేడి చుట్టూ అతుక్కునేది. కట్టు విప్పిన మరునాడే వాడు పొలానికి పోయేవాడు. ఎంత తెలివైన పద్ధతో నాకు ఇప్పుడు అర్థమవుతుంది. ఆ రోజు మాత్రం అదే నా కొంప ముంచింది.

ఎందుకంటే ఆయనకు ఇంకో నియమం ఉంది. కట్టు పడేదాకా దెబ్బ తగిలిన మనిషి నోరు విప్పకూడదు. మాట్లాడితే ఊపిరి కదులుతుంది, ఊపిరి కదిలితే ఎముక కదులుతుంది అనేవాడు. అందుకని మంచం మీద కూర్చోబెట్టగానే తడిపిన గుడ్డ మడత పళ్ళ మధ్య పెట్టేవాడు. అడగవలసింది ఏదైనా వెంట వచ్చిన పెద్దవాళ్ళనే అడిగేవాడు. నా నోట్లోనూ గుడ్డ పెట్టాడు. నువ్వులనూనె రాసి బొటనవేళ్ళతో నా చేతిని అంగుళం అంగుళం తడిమాడు. మూడు ఎముకలు విరిగాయన్నాడు, బొటనవేలి కింద ఒకటి, పక్క రెండు వేళ్ళ కింద రెండు. ఆ తర్వాత అవ్వ వైపు తిరిగాడు.

"ఏం మా, ఈ సెయ్యి ఏం పని సేస్తాది?"

అవ్వ క్షణం కూడా ఆలోచించలేదు. "ఇంకేం పని సామీ? ఇంటి ఆడపిల్ల. రోకలి పట్టాల."

నేను గుడ్డ వెనక నుంచి ఏదో అరిచాను. తల అడ్డంగా ఊపాను. "నొప్పికి అట్టనే సేస్తారు, గెట్టిగా పట్టుకో" అన్నాడు ఆయన. అవ్వ నా తలను తన రొమ్ముకు అదిమి పట్టుకుంది. నేను ఎడమచేత్తో గుడ్డ లాగి పారేయవచ్చు. ఎందుకు లాగలేదని ఎన్నోసార్లు నన్ను నేనే అడిగాను. భయం. లాగితే ఎముక కదులుతుందన్న భయం ఒకటి, పెద్దవాళ్ళ మాటకు అడ్డు తగులుతున్నానన్న భయం ఒకటి. ట్రైనింగ్ అయిన టీచరును, నోట్లో గుడ్డతో గుడ్లు మిటకరిస్తూ కూర్చున్నాను.

ఆయన దూలం నుంచి అరిగిన రోకలి నడుం ముక్క దించాడు. నా ఎడమచేతిని ఒక బద్ద మీద పెట్టి, గోటి నుంచి మణికట్టు కిందిదాకా గోరుతో గీత గీసి, ఆ కొలతకు వెదురు చీల్చాడు. ఒక్కో బద్దా ఒక్కో వేలి వెడల్పు. అంచులు గుచ్చుకోకుండా నిప్పు సెగకు కాచి, కొబ్బరిపీచుతో రుద్ది, వాటన్నిటినీ దారంతో చిన్న చాపలా అల్లాడు. కోడిగుడ్డు తెల్లసొనలో మినప్పిండి కలిపి, పాతపంచె పేలికలకు పట్టించాడు. అప్పుడు నా వేళ్ళు ఒక్కొక్కటే పట్టుకుని లాగాడు. ఆ లాగుడు గురించి రాయను. లాగి, రోకలి ముక్క చుట్టూ మడిచి, పేలికలు చుట్టి, బద్దల చాప చుట్టి, పైన తాడు బిగించాడు. ఆరేసరికి అది రాయిలా అయింది. నోట్లోంచి గుడ్డ తీశాక నేను అన్న మొదటి మాట "నాకు రోకలి వద్దు" అని. పందిట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. కాలికి కట్టున్నవాడు కూడా మూలుగు ఆపి నవ్వాడు.

ఇంటికి వచ్చాక నలభై రోజులు ఎలా గడిచాయో చెప్పను, గడిచాయి. నల్లేరు పచ్చడి రోజూ రెండు పూటలా తినిపించారు. ఎముకకు బలమని చెప్పి, నాలుక దురద పుట్టి చచ్చేదాకా పెట్టారు. మూడో నాడు నాయన మిల్లు నుంచి తిరిగి వచ్చాడు. నా చేతిలోంచి అటూ ఇటూ పొడుచుకొచ్చిన రోకలి ముక్క చూశాడు. ఏం జరిగిందో నేను చెప్పాను. ఆయన అవ్వ మీద అరవడం నేను ఎన్నడూ చూడలేదు, ఆ రోజు కూడా అరవలేదు. నెమ్మదిగా అడిగాడు.

"ఎందుకు అట్ట సెప్పితివి మా? పాప జూన్‌లో పళ్ళికూడానికి పోవాల కదా."

"అడిగినాడు, సెప్పినా" అంది అవ్వ. "ఆడదాని సెయ్యికి ఇంకేం పని ఉండాదిరా?"

ఆ మాట ఆమె వాదించడానికి అనలేదు. నిజంగానే తెలియక అడిగినట్టు అడిగింది. నాకు అది నటన అనిపించింది. నన్ను ఇంట్లో ఉంచుకోవడానికే కావాలని చెప్పింది, ఇప్పుడు ఏమీ ఎరగనట్టు మొహం పెడుతోంది అనుకున్నాను. ఆ అనుకోవడం ఆ తర్వాత ఆరేళ్ళు నన్ను వదల్లేదు.

నాయన బండి కట్టించుకుని కట్టు తాత దగ్గరికి వెళ్ళాడు. రాసే చెయ్యి అని తెలిసి ఆయన తల పట్టుకున్నాడట. "ఎంత సిన్న పని! కలమంత లావు జొన్నదంటు ముక్క పెట్టి కట్టుంటానే" అన్నాడట. విప్పి మళ్ళీ కడతారా అంటే మాత్రం ఒప్పుకోలేదు. కుదురుకుంటున్న ఎముకను కదిపితే చెయ్యే మిగలదని చేతులు జోడించాడట. జొన్నదంటు మాట నాయన వచ్చి చెప్తుంటే నాకు ఏడుపు ఆగలేదు. మా పెరట్లో గొడ్లు కూడా తినకుండా వదిలేసిన జొన్నదంట్లు గడ్డివామంత ఉన్నాయి.

మే నెలాఖరుకు కట్టు విప్పారు. ఎముకలు చక్కగా అతుక్కున్నాయి, వంకర లేదు, వాపు లేదు. రోకలి ఇస్తే నా చెయ్యి దాన్ని చుట్టేసి పట్టుకుంటుంది. సుద్దముక్క ఇస్తే జారిపోతుంది. బొటనవేలు చూపుడువేలికి మూడు వేళ్ళ దూరంలో నిలబడి, పిలిచినా రానట్టు బిగదీసుకుంది. బడి తెరవడానికి పదిహేను రోజులు ఉంది.

నాయన నన్ను రైల్లో విరుదునగర్ ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. అవ్వ కూడా వస్తానని బయలుదేరింది. నేను ఆమె పక్కన కూర్చోలేదు. డాక్టరు నా చేతిని తిప్పి తిప్పి చూసి, ఇంత బాగా ఎవరు కట్టారని అడిగాడు. తాము వాడే చెక్క చూపించాడు. అరచేతి వైపు కాస్త గుంత తీసిన సన్నని పలక, దూది అతికించి ఉంది, వేళ్ళతో పట్టుకోవడానికి అడ్డంగా ఒక గుండ్రటి కర్ర. అంతా సీమ నుంచి వచ్చిన సరుకు. ఆ కర్ర మాత్రం అందరికీ ఒకటే లావు. దొరల పద్ధతిలో ఎవరినీ నీ పని ఏమిటని అడగరు కాబోలు అనుకున్నాను. అడగకపోవడమే మేలు అని కూడా ఆ కోపంలో అనుకున్నాను. ఎముకకు చెయ్యవలసింది ఏమీ లేదనీ, కీళ్ళు బిగిశాయనీ, వేడినీళ్ళలో పెట్టి రోజూ కదిలిస్తే నెలల మీద వస్తుందనీ డాక్టరు చెప్పాడు. నెలలు నా దగ్గర లేవు.

ఇంటికి వచ్చిన మరునాడు అవ్వ వావిలాకు వేసి కాచిన నీళ్ళు తెచ్చి నా చెయ్యి పట్టుకోబోయింది. నేను లాక్కున్నాను. "నువ్వు ముట్టుకోవద్దు" అన్నాను. ఆమె గిన్నె అక్కడే పెట్టి వెళ్ళిపోయింది. నేనే చెయ్యి ముంచుకున్నాను, నేనే నొక్కుకున్నాను. తర్వాత బొగ్గు తీసుకుని పెరటి వైపు గోడ మీద రాయడం మొదలుపెట్టాను. వేళ్ళ కొసలతో పట్టుకోవడం కుదరదని తేలిపోయాక, పిడికిలితోనే పట్టుకున్నాను. వేళ్ళు కదలవు కాబట్టి భుజంతో రాశాను. మొదటి 'అ' గుమ్మడికాయంత వచ్చింది. సాయంత్రానికి గోడ నిండిపోయింది.

పొద్దున లేచి చూస్తే గోడ తెల్లగా ఉంది. అవ్వ సున్నం వేసింది. నేను మళ్ళీ నింపాను. మరునాడు మళ్ళీ సున్నం. అలా పది రోజులు. నా రాత చెరిపేస్తోందని మొదటి రోజు కోపం వచ్చింది. రెండో రోజుకు సంగతి అర్థమైంది, రాసుకోవడానికి నాకు చోటు చేస్తోంది. అర్థమైనా కోపం తగ్గించుకోలేదు. కోపం తగ్గితే ఏడుపు వస్తుందని భయం.

జూన్‌లో బడి తెరిచిన రోజు పెద్ద టీచరమ్మ నాకు సుద్దముక్క ఇచ్చింది. పిడికిట్లో పట్టుకుని బోర్డు మీద రాశాను. పది రోజులు నిలువు గోడ మీద భుజంతో రాసిన చెయ్యి, బోర్డు దానికి కొత్త కాదు. అక్షరాలు గుండ్రంగా, పెద్దగా, ఒక్క వణుకు లేకుండా వచ్చాయి. ఆమె కళ్ళజోడు సర్దుకుని తమిళంలో అడిగింది, ఇంత పెద్దగా ఎందుకు, చిన్నగా రాయలేవా అని. చిన్నగా రాయలేనన్నది నిజం. "చివరి వరసలో కూర్చున్న పిల్లకు కూడా కనబడాలి కదమ్మా" అన్నాను. పని ఇచ్చారు. కాగితం మీద చిన్నగా రాయడానికి నాకు ఇంకో ఏడాదిన్నర పట్టింది. అందాకా హాజరుపట్టీలో నా సంతకం రెండు గళ్ళు మింగేసేది.

అలా నేను గెలిచాను. గెలిచినదాన్ని కదా, క్షమించి ఉండవచ్చు. క్షమించలేదు. సెలవులకు ఊరికి వెళ్ళేదాన్ని, అవ్వకు చీర తీసుకెళ్ళేదాన్ని, కాళ్ళకు దండం పెట్టేదాన్ని, పెట్టింది తినేదాన్ని. ఆమె అడిగినదానికి జవాబు చెప్పేదాన్ని, నేనై ఏమీ అడిగేదాన్ని కాదు. ఆమె ఎప్పుడైనా నా చేతి వైపు చూస్తే కొంగు కింద దాచుకునేదాన్ని. ఇంత చిన్న శిక్షను ఆరేళ్ళు ఆపకుండా వెయ్యడానికి ఎంత ఓపిక కావాలో, ఆ ఓపికంతా నాలో ఉంది. ఇప్పుడు తలుచుకుంటే ఆ చీరలు కూడా శిక్షలాగే ఇచ్చాననిపిస్తుంది.

అలా ఆరో సంవత్సరం వేసవిలో అవ్వ రోలు దగ్గర తడినేల మీద జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. అప్పటికి ఆమెకు డెబ్బై దగ్గర పడుతోంది. నాయన మోకాళ్ళ నొప్పులతో బండెక్కలేకపోయాడు. నేను సెలవుల్లో ఇంట్లో ఉన్నాను. చేట తెచ్చి, గుడ్డ పరిచి, ఆమె చేతిని కట్టాను. ఒట్టపిడారం దారిలో బండి కుదిపినప్పుడల్లా ఆమె కళ్ళు మూసుకుని పెదవి కొరుక్కుంది. నొప్పిగా ఉందా అని నేను అడగలేదు. నోటి దాకా వచ్చింది, అడగలేకపోయాను.

కట్టు తాత ముసలివాడైపోయాడు. కంటికి పొర కమ్మింది, వేళ్ళు మాత్రం అవే. నన్ను గుర్తుపట్టలేదు. అవ్వను మంచం మీద కూర్చోబెట్టి, నోట్లో గుడ్డ మడత పెట్టి, మణికట్టు తడిమి, గొంతు విన్న దిక్కుగా నా వైపు తిరిగాడు. ఇప్పుడు వెంట వచ్చిన పెద్దదాన్ని నేనే.

"ఏం మా, ఈ సెయ్యి ఏం పని సేస్తాది?"

రోకలి అనే మాట నా నాలుక మీదికి వచ్చేసింది. ఆలోచించలేదు. క్షణం కూడా ఆలోచించలేదు. ఇంకేం పని, రోకలి పట్టాల. ఆ చేతిని నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను, దానికి ఇంకో పని నాకు తెలియదు. అవ్వ ఆ రోజు అబద్ధం చెప్పలేదు. కావాలని చెప్పలేదు. నాలాగే, నోటికి వచ్చిన నిజం చెప్పింది. ఆరేళ్ళ కోపం కాళ్ళ కిందికి జారిపోయి, అది ఉన్న చోట సిగ్గు వచ్చి నిలబడింది.

నేను వంగి అవ్వ నోట్లోంచి గుడ్డ తీసేశాను.

"ఏందిమ్మా అది! ఎమిక కదిలిపోతాది" అని తాత కేక వేశాడు.

"కదలనీ తాతా" అన్నాను. "అవ్వా, నీవే సెప్పు. నీ సెయ్యిని ఏం పట్టుకుని ఉండేటట్టు కట్టమందాం?"

అవ్వ నా మొహంలోకి చూసింది. నన్ను ఎవరు ఇది అడుగుతారు అన్నట్టు చూసింది. చివరికి అంది.

"ఏం పట్టుకోవద్దు తాయీ. ఉత్తగా సాపి కట్టమను."

"సాపి కడితే మళ్ళా ముడుచుకోదు మా" అన్నాడు తాత. "రోకలి పట్టలేవు, ముంత పట్టలేవు. తెలుసునా?"

"పట్టలేకపోతే పోనీ సామీ" అంది అవ్వ, నా వైపే చూస్తూ. "యాబై ఏండ్లు పట్టుకునే ఉండాను కదా."

తాత ఎన్ని వందల చేతులు కట్టాడో, ఏమీ పట్టుకోవద్దన్న చెయ్యి ఆయనకూ ఇదే మొదటిది కాబోలు. వెంట వచ్చిన పెద్దవాళ్ళ మాట కావాలి గనక మళ్ళీ నా వైపు తిరిగాడు.

"ఆమె సెప్పినట్టే కట్టు తాతా" అన్నాను. ఆయన వేళ్ళు లాగుతున్నంతసేపూ అవ్వను వెనక నుంచి పట్టుకుని కూర్చున్నాను. నా బిగిసిన చేతిని ఆమె ఎడమచేత్తో పట్టుకుంది. నేను లాక్కోలేదు.

తిరిగి బయలుదేరేసరికి మధ్యాహ్నం అయింది. బండిలో గడ్డి పరిచి ఆమెను పడుకోబెట్టాను. చాచిన చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, నా ఒళ్ళో తల పెట్టుకుంది. బళ్ళో పిల్లలకు ఏం చెప్తావని అడిగింది. చెప్పాను. ఎంతమంది పిల్లలని అడిగింది. నలభై రెండు అన్నాను. వాళ్ళు మాట వింటారా అని అడుగుతూ అడుగుతూనే నిద్రపోయింది. ఎండ మొహాన పడకుండా నేను కొంగు అడ్డం పట్టుకున్నాను. అవ్వ పగటిపూట నిద్రపోవడం నేను చూడటం అదే మొదటిసారి.